రెండో అంతస్తులో గురక తొట్టి

ఆ ఆసుపత్రి రెండో అంతస్తులో, ఐసీయూ తలుపుకి ఎదురుగా ఒక హాలు ఉంది. వరసగా ఇనుప కుర్చీలు, గోడకి నోరు లేని టీవీ, మూలన ఒక పెద్ద చేపల తొట్టి. ఆ తొట్టికి మంచి పేరు లేదు.

పగటిపూట చూస్తే దానిమీద ఎవరికీ అనుమానం రాదు. తుడిచిన అద్దం, నీలం లైటు, నారింజరంగు చేపలు నాలుగు. ఎవరో పెంచుకోలేక ఇచ్చిపోయారో, మనసు కుదుటపడుతుందని ఆసుపత్రివాళ్ళే పెట్టించారో తెలీదు. కానీ అక్కడ రాత్రిళ్ళు కాపలా కూర్చున్నవాళ్ళు మాత్రం దాన్ని అక్వేరియం అనరు. గురక తొట్టి అంటారు.

రోజూ చప్పుడు చెయ్యదు. అదే దాని గొడవ. రోజూ చేస్తే ఏ పాత ఫ్యానులాగో అలవాటైపోయేది. ఏదో ఒక రాత్రి, మనుషులు సద్దుమణిగాక, తొట్టి వెనకనుంచి మొదలవుతుంది. ముందు సన్నగా... గొంతులో కఫం అడ్డుపడ్డ ముసలాయన ఊపిరి లాగినట్టు... గుర్ర్... ఆగుతుంది. అమ్మయ్య అనుకునేలోగా — మళ్ళీ గుర్ర్ర్...

అలా గురక పెట్టిన రాత్రి, తెల్లారేలోగా లోపల ఒకరు పోతారు.

తప్పదట. ఒక్కసారి కూడా తప్పలేదట.

నేను ఇలాంటివి నమ్మే రకం కాదు. బల్లి మీద పడితే బల్లికే అరిష్టం అనే మనిషిని. కానీ ఇది నాకు చెప్పినవాడు ఒక బస్సు కండక్టరు, నాకు బాగా తెలిసినవాడు. అతను అబద్ధం ఆడితే ముక్కు ఎర్రబడుతుంది, వెంటనే దొరికిపోతాడు. ఇది చెబుతున్నంతసేపూ ముక్కు మామూలుగానే ఉంది. కళ్ళే ఎర్రబడ్డాయి.

లోపల ఉన్నది అతని అక్క.

ఆ అక్క మొగుడు వైండింగు మెకానిక్కు. మిక్సీ అవనీ, పంపు అవనీ, కాలిపోయిన మోటారుని విప్పి, రాగితీగ మళ్ళీ చుట్టి బతికించడం అతని పని. షాపు ముందు బల్ల దగ్గర కూర్చునేది మాత్రం ఆవిడే. నోరు గట్టిది. ఆవిడ ఒక కేక వేస్తే కాలిన మోటార్లు కూడా భయపడి తిరుగుతాయని బావ నవ్వేవాడట. జ్వరమని పడుకుంది. దగ్గు పట్టుకుంది. ఊపిరితిత్తుల్లోకి దిగింది అన్నారు. ఆ గట్టి నోట్లోకి గొట్టం పెట్టి, మిషను తగిలించి, తలుపు మూసేశారు.

బావా, కండక్టరూ హాల్లోకి వచ్చేసరికి కుర్చీలన్నీ నిండిపోయి ఉన్నాయి. తొట్టి పక్క రెండే ఖాళీ. వెళ్ళి కూర్చున్నారు. అప్పటిదాకా గుసగుసలాడుతున్న హాలు ఒక్కసారి మూగబోయింది.

ఎదురు వరసలో ఒళ్ళో ఫ్లాస్కు పెట్టుకున్న ఒక పెద్దావిడ చెయ్యి ఊపి పిలిచింది. ఆవిడ భర్త అందరికంటే ముందునుంచీ లోపల ఉన్నాడు. హాల్లో అందరికీ ఆవిడే పెద్దమ్మ.

"అక్కడ వద్దు నాయనా... ఇటు సర్దుకోండి."

"ఏం పెద్దమ్మా, నీళ్ళు పడతాయా?" అన్నాడు కండక్టరు.

పెద్దమ్మ గొంతు తగ్గించి మొత్తం చెప్పింది. గురక సంగతీ, పోయినవాళ్ళ సంగతీ. ఒకసారి ఎవరో తట్టుకోలేక స్విచ్చి ఆపేశారట. ఆ రాత్రి ఒకరు కాదు — ఇద్దరు.

కండక్టరు అక్కడికక్కడే లేచి నిలబడ్డాడు. ధైర్యంలో మనవాడు అంతంతమాత్రమే. బావ మాత్రం కదల్లేదు. "పంపు చప్పుడమ్మా అది. పంపుకేం తెలుసు చావు సంగతి?" అన్నాడు. అని, కాళ్ళు చాపుకుని అక్కడే కూర్చున్నాడు.

రోజులు గడిచాయి. తొట్టి నోరెత్తలేదు.

పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి తలుపు తీసి, ఇంటికొకరిని లోపలికి పంపేవారు. తలుపు తియ్యగానే హాలు హాలంతా తొట్టికి వీపు పెట్టి అక్కడికి ఎగబడేది. బావ వెళ్ళి ఆవిడ మంచం పక్క నిలబడి వచ్చేవాడు. ఏమన్నారు బావా అంటే, "స్టేబుల్ అంట" అనేవాడు. డాక్టరు కనబడితే చేతులు కట్టుకుని అడిగేవాడట — "అంటే తిరుగుతోందాండీ, ఆగిందాండీ?" డాక్టరు మంచివాడే. చెప్పడానికి ఆయన దగ్గర కూడా ఏమీ లేదు.

అన్నం తినేవాడు కాదు. నిద్ర లేదు. అతన్ని అన్నిటికంటే ఎక్కువ తినేసింది ఏమిటంటే, ఆ లోపల ఇన్ని మిషన్లు పని చేస్తున్నాయి, వాటిలో ఒక్కదాని మీద కూడా అతను చెయ్యి వెయ్యడానికి లేదు. ఉన్నవాళ్ళలో మిషన్ల సంగతి తెలిసినవాడు తనే, చేతులు ముడుచుకుని కూర్చోవలసినవాడూ తనే. ఆ మాట చెప్పి ఒకసారి ఏడ్చాడట. ఒక్కసారే.

ఆ రోజు సాయంత్రం తలుపు తియ్యలేదు.

నర్సు తల మాత్రం బయటికి పెట్టి, "లోపల పని జరుగుతోంది. ఇప్పుడెవరూ రాకూడదు," అని మళ్ళీ వేసేసింది. తరవాత డాక్టరు వచ్చి, బావని పక్కకి పిలిచి, ఈ రాత్రి గడిస్తే ఆశ పెట్టుకోవచ్చు అన్నాడు. అదే మాట పెద్దమ్మతో కూడా అన్నాడు. అక్కడ ఒక టైలరు ఉన్నాడు, వాళ్ళమ్మ లోపల ఉంది. అతనితోనూ దాదాపు అదే అన్నాడు. డాక్టర్లకి ఆ మాట బాగా అలవాటు.

హాలు ఖాళీ అవుతూ వచ్చింది. మిగిలినవి మూడే కుటుంబాలు. లైట్లు సగం ఆపేశారు. నీలం వెలుగులో చేపలు ఒక మూలకి చేరాయి.

అప్పుడు వినబడింది.

గుర్ర్...

పెద్దమ్మ ఒళ్ళోంచి ఫ్లాస్కు మూత జారి నేలమీద దొర్లింది. ఎవరూ వంగి తియ్యలేదు.

గుర్ర్ర్... ఆగింది... గుర్ర్ర్ర్...

టైలరు గోడవైపు తిరిగి కూర్చున్నాడు. పెద్దమ్మ కళ్ళు మూసుకుంది, పెదాలు కదులుతున్నాయి. కండక్టరు నాకు చెప్పిందేమిటంటే, ఆ కాసేపట్లో అక్కడ ఎవరూ ఎవరి మొహమూ చూడలేకపోయారట. చూస్తే అర్థమైపోతుంది. మూడు ఇళ్ళు, ఒక చావు. మాది కాకూడదు అని ప్రతివాడూ అనుకున్నాడంటే — పక్కవాడిది కావాలని అనుకున్నట్టేగా. ఆ మాట గొంతు దాటదు, కానీ లోపల ఉంది. అందరికీ ఉంది.

గుర్ర్ర్... గుర్ర్ర్...

బావ లేచాడు.

"ఎక్కడికి బావా?"

"దీని సంగతేంటో చూద్దాం."

"బావా, వద్దు..."

"ఒరేయ్, లోపల మీ అక్కకి ఏమైందో నాకు తెలీదు. నాకు అర్థమయ్యేట్టు ఒక్కడూ చెప్పలేదు. ఇదొక్కటీ నా పని. నన్ను చెయ్యనీ."

అంతసేపూ నమ్మనన్న మనిషి అతను. కానీ ఆ మాట అంటూనే చొక్కా చేతులు పైకి మడుచుకున్నాడట. చప్పుడు ఆగితే ఆవిడ బతుకుతుంది... పైకి అనలేదుగానీ, కండక్టరుకి తెలిసిపోయింది. ఎందుకంటే అప్పటికి తనూ అదే అనుకుంటున్నాడు.

ముందు తొట్టి మూత మీద అరచెయ్యి పెట్టి నొక్కాడు. అదిరే చెక్క ఏదన్నా ఉంటే చెయ్యి పెట్టగానే చప్పుడు తగ్గాలి. తగ్గలేదు. మందుల అట్టపెట్టె చింపి, మడిచి, మూత కింద దోపాడు. లాభం లేదు. గొట్టం అద్దానికి తగులుతోందేమో అని పక్కకి జరిపాడు. అదీ కాదు.

జేబులోంచి టెస్టరు తీశాడు. నిద్రలో కూడా ఆ చొక్కా జేబులో టెస్టరు ఉంటుంది. దాని మొన తొట్టి వెనక అద్దానికి ఆనించి, పిడి చెవిలో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. మోటారు పాడైతే వాళ్ళు అలాగే వింటారు, డాక్టరు గుండె విన్నట్టు.

కండక్టరు పక్కకి వచ్చి వంగాడు.

"ఏంటి బావా?"

"ఇరుసు బుష్ అరిగిన చప్పుడు కాదు." కళ్ళు తెరవలేదు. "ఏదో... మింగుతోంది."

టైలరు లేచి మెట్ల దగ్గరికి వెళ్ళిపోయాడు. మళ్ళీ వచ్చాడు. ఎక్కడికని పోతాడు, అమ్మ లోపలుంది.

"పంపు ఫ్యానులో ఏదో ఇరుక్కుంది," అని బావే తేల్చాడు. "విప్పాలి. స్విచ్చి ఆపు."

కండక్టరు కదల్లేదు.

"ఆపకు నాయనా..." పెద్దమ్మ గొంతు లేని గొంతుతో అంది. "నీకు దండం పెడతా. ఆపకు. ఇద్దరు పోతారు..."

బావ ఒక్క క్షణం ఆవిడని చూశాడు. వంగి తనే స్విచ్చి నొక్కాడు.

చప్పుడు ఆగిపోయింది.

గురకైనా నయం. ఆ నిశ్శబ్దంలో లోపలి మిషన్ల కూతలు తలుపు దాటి సన్నగా వినబడుతున్నాయి. నలుగురూ ఆ తలుపునే చూస్తూ ఉండిపోయారు. అది తెరుచుకోలేదు.

తొట్టి వెనకభాగంలో నల్ల అద్దంతో అడ్డుకట్టి చిన్న అర చేసి ఉంది. పంపు అందులో. మోచేతిదాకా చెయ్యి దూర్చి పైకి తీశాడు. పిడికిట్లో పట్టేంత పంపు. కండక్టరు ఫోను లైటు పట్టుకుంటే నాలుగు మరలు విప్పి, లోపలి రెక్కల చక్రం బయటికి లాగాడు. టెస్టరు మొనతో కెలికితే, రెక్కల మధ్యనుంచి ఏదో టప్పున రాలి అరచేతిలో పడింది.

చిన్న నత్తగుల్ల. మిరియపుగింజంత ఉంది.

"ఇదిగో పెద్దమ్మా, మీ యముడు," అన్నాడు. చేత్తో పట్టుకుని తిప్పి తిప్పి చూపించాడు. "దున్నపోతు ఎక్కి రాలేదు. నత్తనెక్కి వచ్చాడు."

పంపు మళ్ళీ బిగించి, అరలోకి దించి, స్విచ్చి వేశాడు.

సుయ్యిమని నీళ్ళు తిరగడం తప్ప ఇంకో చప్పుడు లేదు. చేపలు మూలలోంచి బయటికి వచ్చాయి. టైలరు కుర్చీలో కూలబడి మొహం తుడుచుకున్నాడు. పెద్దమ్మ దొర్లిపోయిన మూత వెతుక్కుని తీసుకుంది. కాఫీ పోస్తానంది. పోసింది కూడా. బావ కప్పు నోటిదాకా తీసుకెళ్ళాడు.

గుర్ర్...

కప్పు అక్కడే ఆగిపోయింది.

గుర్ర్ర్ర్... ఈసారి ఇంకా గట్టిగా. ముందుభాగంలో నీళ్ళు చిమ్మే గొట్టంలోంచి తెల్లటి బుడగలు చేపల మీదికి పొగలాగా కమ్ముకొచ్చాయి. ఆగకుండా... లోపల ఎవరో గొంతు పట్టుకున్నట్టు...

"బావా, వదిలెయ్," అన్నాడు కండక్టరు. "మనవల్ల కాదు ఇది."

బావ వినలేదు. మళ్ళీ ఆపాడు. మళ్ళీ తీశాడు. చక్రం ఇరుసు వంకరపోయిందేమో అని లైటుకి అడ్డం పెట్టి చూశాడు. నున్నగా ఉంది. చొక్కా అంచుతో తుడిచాడు. ఇరుసుకి తొడిగే రబ్బరు ముక్క వదులైందేమోనని పెద్దమ్మ జడ రబ్బరుబ్యాండు అడిగి తీసుకుని చుట్టాడు. మోటారు మనిషి కదా, ఏ చప్పుడు విన్నా మోటారులోంచి వచ్చినట్టే ఉంటుంది. అన్నీ బిగించి పెట్టాడు. స్విచ్చి వేస్తే... చప్పుడు లేదు.

ఈసారి ఎవరూ కాఫీ జోలికి పోలేదు. వేచి చూశారు.

కాసేపు ఆగి — గుర్ర్ర్...

చెమటతో చొక్కా వీపుకి అతుక్కుపోయింది. మోకాళ్ళ మీద కూర్చుని తొట్టి అద్దానికి నుదురు ఆనించాడు. అవతల ఒక చేప వచ్చి అతన్నే చూస్తూ నిలబడింది. "ఏం కావాలే నీకు," అన్నాడట దానితో. "చెప్పు. ఏం కావాలో చెప్పు." నవ్వులాటకి అన్నది కాదు. నిజంగా అడిగాడు.

కండక్టరు భుజం మీద చెయ్యి వేసి లేపబోయాడు. బావ చప్పున తల ఎత్తాడు.

"ఒరేయ్... ఆపి మళ్ళీ వేసినప్పుడల్లా కాసేపు బావుంటోంది. గమనించావా?"

"ఊఁ."

"పాడైన మోటారు అలా ఉండదు. ఆపి వేస్తే ముందే గోల చేస్తుంది. ఇది కాసేపు బాగా తిరిగి, ఆ తరవాత మొదలెడుతోంది. అంటే, తిరిగేకొద్దీ ఏదో అయిపోతోంది..."

ఫోను లాక్కుని, నల్ల అద్దం వెనక అరలోకి లైటు వేసి తొంగి చూశాడు. చాలాసేపు చూశాడు. తరవాత నెమ్మదిగా వెనక్కి వాలి, గోడకి చేరగిలబడి, అరచేతుల్లో మొహం పెట్టుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నాడేమో అనుకున్నారు. నవ్వుతున్నాడు.

"నీళ్ళు లేవు రా," అన్నాడు. "అంతే. నీళ్ళు తక్కువ."

"నిండుగా ఉందిగా తొట్టి?"

"ముందువైపు నిండుగానే ఉంటుంది. ముందునుంచి పొర్లి వెనక అరలో పడతాయి, అక్కణ్ణించి పంపు మళ్ళీ ముందుకి తోడుతుంది. ఎన్ని నీళ్ళు ఆవిరైనా తగ్గేది వెనకే. బయటనుంచి చూసేవాడికి ఏం తెలీదు. నీళ్ళు అందక పంపు గాలి మింగుతోంది. ఆపితే ముందువైపు నీళ్ళు కాస్త వెనక్కి దిగుతాయి, అందుకే ఆ కాసేపు నోరు మూసుకుంటోంది. బుర్ర ఉన్నవాడెవడైనా మొట్టమొదట నీళ్ళు చూస్తాడు. నేను మోటారు విప్పాను."

తన సీసాలో ఉన్న మంచినీళ్ళు అరలో పోశాడు. చప్పుడు సన్నబడింది. కండక్టరు సీసా పోశాడు. టైలరు పరిగెత్తుకొచ్చి, అమ్మకోసం కొన్న కొత్త సీసా మూత తిప్పి ఇచ్చాడు. పెద్దమ్మ ఫ్లాస్కు పట్టుకొచ్చింది.

"అది కాఫీ పెద్దమ్మా."

"అయ్యో... చేపలకి నిద్ర పట్టదేమో కదూ," అంది.

అప్పుడు నవ్వారు నలుగురూ. మొదట పెద్దమ్మే. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, ఆపుకోలేక... తరవాత టైలరు. ఎన్నాళ్ళనుంచి బిగబట్టుకున్నారో, కళ్ళమ్మట నీళ్ళు వచ్చేదాకా నవ్వారట. కండక్టరు కుర్చీ పట్టుకుని వంగిపోయాడు. బావ నేలమీదే కూర్చుని, తడిసిన చొక్కాతో, గట్టిగా, హాలు మోగేలా నవ్వాడు. "మీ అక్క లేచాక చెప్పాలి రా ఇది," అన్నాడు. "నాలుగు మరలు విప్పి నీళ్ళు పోశానంటే, షాపు ముందు నిలబెట్టి తిడుతుంది."

చివరి సీసా పోసేసరికి గురక పూర్తిగా ఆగిపోయింది. మళ్ళీ వస్తుందేమోనని అందరూ చెవులు రిక్కించి కూర్చున్నారు. రాలేదు. సుయ్యిమని నీళ్ళు తిరుగుతున్నాయి, అంతే. పెద్దమ్మ కుర్చీలోనే ఒరిగి గురక తీసింది, ఆ గురకకి ఎవరూ భయపడలేదు. బావ కళ్ళు మూతలు పడ్డాయి. అక్కని లోపలికి తీసుకెళ్ళిన తరవాత అతను నిద్రపోవడం కండక్టరు మొదటిసారి చూశాడు. తన చొక్కా విప్పి అతనికి కప్పి, తను బనీనుతో కూర్చున్నాడు. ఇంక ఫరవాలేదు అనిపించిందట. ఎందుకో తెలీదు. గండం గడిచినట్టే అనిపించింది.

ఇక్కడ నేను ఒక మాట చెప్పాలి. కథ ఇంతవరకూ చెప్పి కండక్టరు ఆగిపోయాడు. హమ్మయ్య, దెయ్యం కాదన్నమాట, నీళ్ళన్నమాట అని నేను నవ్వాను కూడా. అతను నవ్వలేదు. తన చేతులు తను చూసుకుంటూ, దెయ్యమైనా బాగుండేది అన్నాడు.

బావ నిద్రపోయిన కాసేపటికే ఐసీయూ తలుపు తెరుచుకుంది.

డాక్టరు కాదు, నర్సు కాదు. రాత్రి డ్యూటీ ఆయా. ఆకుపచ్చ కోటు, చేతిలో నీళ్ళ బకెట్టు, మొహం పీక్కుపోయి ఉంది. కుర్చీల మధ్యనుంచి ఎవరినీ చూడకుండా, కాళ్ళకి తెలిసిన దారిలో నడిచినట్టు తిన్నగా తొట్టి దగ్గరికి వచ్చింది. వెనక అరలోకి వంగి చూసి, ఆగిపోయింది.

"ఎవరు పోశారు నీళ్ళు?"

బావకి మెలకువ వచ్చింది. నిద్రమొహంతోనే కాస్త గర్వంగా, "నేనేనమ్మా," అన్నాడు. "రోజూ ఎవరన్నా ఓ బకెట్టు పోస్తే ఈ గోలే ఉండదుగా. జనం ఊరికే దడుచుకు ఛస్తున్నారు."

"రోజూ నేనే పోస్తాను బాబూ," అంది ఆయా. "సాయంత్రం మిమ్మల్ని లోపలికి పంపే వేళకి. మీరంతా అటు ఉంటారు, చూడరు. ఈ ఏసీ గాలికి రోజు తిరిగేసరికి వెనక అర ఎండిపోతుంది."

"మరి ఇవాళ?"

"తీరిక ఉంటేగా." బకెట్టు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. "లోపల ఎవరికన్నా మరీ... మరీ బాగోకపోతే, నన్ను కదలనివ్వరు. పట్టుకోవాలి, తుడవాలి, అందించాలి. అలాంటి రోజునే తప్పుతుంది. మిగతా రోజుల్లో ఒక్కనాడు కూడా మర్చిపోలేదు నేను."

నీళ్ళు సుయ్యిమని తిరుగుతున్నాయి.

కండక్టరుకి ఆ మాట అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. బావకి వెంటనే అర్థమైంది. మొహంలోంచి నిద్రంతా ఒక్కసారి దిగిపోయింది. గురక వచ్చినందుకు మనిషి పోవడం కాదు. మనిషి పోతున్నందుకే గురక. తొట్టి ఏనాడూ అబద్ధం చెప్పలేదు. దాని నోరు మూయించడానికి ఎన్ని సీసాలు పోసినా, లోపల జరిగేది జరుగుతూనే ఉంది.

అవతల పెద్దమ్మ లేచి కూర్చుంది. టైలరు గోడ పట్టుకుని నిలబడ్డాడు. ఇద్దరూ వింటున్నారు.

"ఇవాళ... ఎవరి దగ్గరున్నావమ్మా?" అన్నాడు బావ.

ఆయా చెప్పకూడదు. డాక్టరే చెప్పాలని వాళ్ళకి కట్టడి. నలుగురి మొహాలూ ఒకటొకటిగా చూసింది.

"మీరెవరి తాలూకు బాబూ?"

బావ ఆవిడ చేతిలోని బకెట్టునే చూస్తున్నాడు. ఆ ఒక్క మాట చెప్పకుండా ఉంటే ఇంకాసేపు ఏమీ కాకుండా ఉంటుంది కదా. చివరికి కండక్టరే చెప్పాడు. కిటికీ పక్క మంచం, మా అక్క అన్నాడు.

ఆయా బకెట్టు నేలమీద పెట్టింది. తడి చేతులు కోటుకి తుడుచుకుంది. దగ్గరికి వచ్చి, చొక్కా కప్పి ఉన్న బావ భుజం మీద చెయ్యి వేసింది.

"ఇందాకే నాయనా," అంది. "మీరంతా ఇక్కడ నవ్వుతున్నారు... లోపలికి వినబడుతోంది. అప్పుడు."